మద్ది బెరడు, గోంగూర ఆకు, గుండెకు వెళ్లే నాళం

(ఖరగ్‌పూర్ తెలుగువారి ముందు, యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితంగా చేసిన ఉపన్యాసానికి అచ్చుప్రతి)



1948 ఆగస్టులో న్యూయార్క్‌లో ఒక తెలుగువాడు రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. గుండె ఆగిపోయింది. ఆయనకు అప్పటికి 53 ఏళ్లు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆయన. కండరం కదలడానికి కావలసిన శక్తి ఏ రూపంలో ఉంటుందో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి తేల్చినవాడు. లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించినవాడు. బోదకాలు మందుకూ, రక్త క్యాన్సర్ మీద పనిచేసిన తొలి మందులకూ దారి వేసినవాడు. ఇన్ని మందులిచ్చిన మనిషిని గుండె నిలువునా ముంచింది.

ఆ 53 అనే అంకె మరోచోట కూడా కనిపిస్తుంది. 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్లను పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. అందులోని దక్షిణాసియా వారి లెక్కల్ని విడిగా తీసి 2007లో ప్రచురించారు. మన ఉపఖండంలో మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53. మిగతా దేశాల్లో దాదాపు 59. అంటే ఇక్కడి మనిషికి ఆరేళ్లు ముందే. పిల్ల పెళ్లి కుదరకముందే, ఇంటి అప్పు తీరకముందే, రిటైర్‌మెంటుకు ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉండగానే. ఈ సభలో కూర్చున్న ఏ కుటుంబానికీ ఈ సంగతి లెక్కలు చెప్పి నమ్మించాల్సిన పని లేదు.

అందుకే గుండె పేరు చెప్పగానే ఎవరో ఒకరు ఏదో ఒక ఆకో, బెరడో, గింజో చెబుతారు. దానికి ఇప్పుడు ఒక శాస్త్రీయమైన మాట కూడా తోడయింది: యాంటీ ఆక్సిడెంట్. మొక్కల్లోని యాంటీ ఆక్సిడెంట్లు రక్తనాళాల్ని బాగు చేస్తాయని డబ్బాల మీద రాస్తున్నారు, వాట్సాప్‌లో పంపుతున్నారు. ఇందులో నిజం లేకపోలేదు, అయితే నిజం ఎంతవరకో తెలుసుకోవాలి. దానికి సుబ్బారావు చూపించిన దారే సరైన దారి. ఆయన కొలవనిదే నమ్మేవాడు కాదు. 1925లో ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రచురించిన ఫాస్ఫరస్ పరీక్షలో ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కబడితే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. వందేళ్లు గడిచినా జీవరసాయన శాస్త్రజ్ఞులు ఆ పద్ధతి పేరు తలుస్తూనే ఉన్నారు.

ముందు నాళం సంగతి చూద్దాం.

రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో కీమ్యాన్ అంటే ఎవరో ఎవరికీ వివరించక్కర్లేదు. తెల్లవారకముందే సుత్తీ, స్పానరూ భుజాన వేసుకుని తన హద్దులో ఉన్న పట్టా పొడుగునా నడుస్తాడు. వదులైన కీ కనిపిస్తే కొట్టి బిగిస్తాడు. పగిలిన చోట గుర్తు పెడతాడు. ఆయన రోజూ నడిస్తేనే హౌరా వెళ్లే మెయిలు క్షేమంగా వెళుతుంది. రక్తనాళానికీ లోపల ఇలాంటి కాపలా ఉంది. దాన్ని ఎండోథీలియం అంటారు. ఒకే ఒక్క కణం మందం ఉన్న పొర. గుండె నుంచి కాలి బొటనవేలి దాకా ప్రతి నాళం లోపలా పరుచుకుని ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా చూసేదీ, నాళం ఎప్పుడు విప్పారాలో ఎప్పుడు ముడుచుకోవాలో చెప్పేదీ అదే.

ఈ పొరకు ఇంత పని ఉందని 1980 దాకా చాలామందికి తెలియదు. బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కల మీద ఒక రసాయనాన్ని ప్రయోగిస్తుంటే కొన్ని ముక్కలు సడలుతున్నాయి, కొన్ని బిగుసుకుంటున్నాయి. ముక్క కోసేటప్పుడు లోపలి పొర గీసుకుపోతే బిగుసుకుంటోంది. పొర చెక్కుచెదరకుండా ఉంటే సడలుతోంది. పొర నుంచి ఏదో సంకేతం వెళుతోందన్నమాట. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్‌తో పాటు ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వాయువు ఆయుష్షు కొన్ని సెకన్లే. అంతలోనే దానికి శత్రువు ఎదురవుతుంది. సూపర్ ఆక్సైడ్ అనే కొంటె అణువు తగిలిందంటే నైట్రిక్ ఆక్సైడ్ పని చేయకముందే మాయమై, పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థం మిగులుతుంది. బీడీ పొగ, అదుపులో లేని చక్కెర, ఎక్కువ రక్తపోటు ఈ సూపర్ ఆక్సైడ్‌ను పెంచుతాయి. చెడు కొలెస్ట్రాల్ కూడా ఇలాగే ఆక్సీకరణం చెంది, గోడలో ఇరుక్కుని, వాపు రేపి, పూడికగా మారుతుంది. రైల్వే వర్క్‌షాప్ భాషలో చెప్పాలంటే ఇది తుప్పు. తుప్పును ఆపేది యాంటీ ఆక్సిడెంట్. సిద్ధాంతం ఇంత తేలిగ్గా ఉంది కాబట్టే అంత తేలిగ్గా అమ్ముడుపోయింది కూడా.

మరమ్మతు మాటేమిటి? పొరలో ఒక కణం రాలిపోతే పక్క కణాలు జరిగి ఆ ఖాళీని కప్పుతాయి. 1997లో అసహారా, ఐస్నర్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. రక్తంలో తిరిగే కొన్ని కణాలు దెబ్బతిన్న చోటికి చేరి కొత్త నాళాలు ఏర్పడటంలో పాలు పంచుకుంటాయని చెప్పింది. అవి స్వయంగా గోడలో ఇటుకలవుతాయా, ఇటుకలు పేర్చేవాళ్లకు కబురు మాత్రమే అందిస్తాయా అన్న వాదన ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది. ఏమైతేనేం, నాళం పాడైతే పాడైనట్టే వదిలేయదు, బాగు చేసుకోవడానికి ఒళ్లు ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఆ ప్రయత్నానికి మొక్కలు సాయం చేయగలవా అన్నదే ఈ ఉపన్యాసం ముందున్న ప్రశ్న.

దీనికి సమాధానం వెతకడానికి ఖరగ్‌పూర్ కన్నా మంచి చోటు దొరకదు. ఎందుకంటే గుండె మందుగా దేశమంతా పేరున్న చెట్టు ఈ జిల్లా చెట్టే. ఇక్కడివాళ్లు అర్జున్ అంటారు, మనం తెల్లమద్ది అంటాం. నున్నని లేత బూడిదరంగు మాను, పెచ్చులు పెచ్చులుగా ఊడే పట్ట, ఐదు రెక్కలున్న కాయ. ఈ రాఢ ప్రాంతంలో దసలి పట్టు పురుగుల్ని దీని ఆకుల మీద కూడా పెంచుతారు. సుబ్బారావు పుట్టిన పశ్చిమ గోదావరి వైపు జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో ఆంజనేయస్వామి కొలువైంది మద్దిచెట్టు మొదట్లోనే. అందుకే ఆయన మద్ది ఆంజనేయుడయ్యాడు. గోదావరి నుంచి కంసావతి దాకా ఈ చెట్టు తెలియని ఊరు తక్కువ.

దీన్ని గుండె జబ్బుకు వాడమని గట్టిగా రాసినవాళ్లలో చక్రపాణిదత్తుడు ముఖ్యుడు. 11వ శతాబ్దపు బెంగాలీ వైద్యుడు. తండ్రి పాల రాజు నయపాలుడి వంటశాల అధికారి. మద్ది పట్టను పాలలోనో, నేతితోనో, బెల్లపు నీళ్లతోనో ఇవ్వమన్నాడు. ఆయుర్వేద వైద్యులు నేటికీ ఇచ్చే అర్జున క్షీరపాకం ఆ సంప్రదాయమే. మద్ది చెక్క రాత్రి నీళ్లలో నానేసి పొద్దున్నే పరగడుపున తాగడం బెంగాలీ ఇళ్లలో మామూలే. ఏళ్ల తరబడి పక్కింట్లో ఉండి తెలుగువాళ్లూ నేర్చుకున్నారు.

కంసావతి అవతల మేదినీపూర్‌లో విద్యాసాగర్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి రసాయన శాస్త్ర విభాగంలో బ్రజగోపాల్ బాగ్ బృందం మద్ది మానులోంచి అర్జునోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి ఏళ్లుగా దాని మీద పనిచేసింది. ఆ అణువులు వాటంతట అవే ఒకదానికొకటి అల్లుకుని సన్నని పోగులుగా, జిగురుగా మారడాన్ని చూపించింది. రంపపు పొట్టుగా పోయే కలప నుంచి ఇంత విలువైన పదార్థం తీయవచ్చని చెప్పడం చిన్న పని కాదు. కోల్‌కతాలోని బోస్ సంస్థలో పరమేశ్ సిల్ బృందం ఇదే ఆమ్లానికి జంతువుల కణాల్లో ఆక్సీకరణ నష్టాన్ని తగ్గించే గుణం ఉందని చూపింది. ఇదంతా గౌరవించాల్సిన పని. కానీ ఇది గాజుపాత్రలో, ఎలుకలో జరిగిన పని. మనిషి నాళంలో ఏం జరిగిందన్నది వేరే లెక్క.

ఆ లెక్క ఇండోర్‌లో దొరుకుతుంది.

ఇండోర్ వైద్య కళాశాలలో భరణి, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన పరీక్ష చాలా చిన్నది. పొగతాగే మగవాళ్లు 18 మంది, పొగతాగనివాళ్లు 18 మంది. కొలిచిన తీరు మాత్రం దగ్గరగా చూడదగ్గది. మనిషిని వెల్లకిలా పడుకోబెడతారు. మోచేతికి పైన అల్ట్రాసౌండ్ పెట్టి చేతి ధమని వెడల్పు కొలుస్తారు. అది నాలుగు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. తర్వాత బీపీ చూసే పట్టీ కట్టి గట్టిగా గాలి నింపి కొన్ని నిమిషాలు రక్తం ఆపేస్తారు. చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఒక్కసారి గాలి వదిలేస్తే రక్తం వరదలా దూకుతుంది. ఆ ఒరవడి తగలగానే లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది, ధమని విప్పారుతుంది. ఎంత శాతం విప్పారిందన్నదే ఆ పొర ఆరోగ్యానికి కొలత. తేడా అంతా మిల్లీమీటరులో పదో వంతుల్లోనే. తెరమీద గీతలు పట్టి చూసేవాడి చెయ్యి వణకకూడదు.

పొగతాగనివాళ్ల ధమని దాదాపు 12 శాతం విప్పారింది. పొగతాగేవాళ్లది 5 శాతం. ఎనిమిది గంటలకోసారి 500 మిల్లీగ్రాముల మద్ది మందు రెండు వారాలు ఇచ్చాక పొగరాయుళ్ల ధమని 9 శాతం దాకా వచ్చింది. నాళపు పొర కొంతవరకు కోలుకుందన్నమాట. ఇదే బృందం అంతకుముందు తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 12 మంది మీద, గుండెనొప్పి ఉన్న 58 మంది మీద చేసిన పరీక్షల్లోనూ మేలు కనిపించింది. జైపూర్‌లో 2001లో గుండె జబ్బున్న 105 మంది మీద చేసిన పరీక్షలో మద్ది పట్ట పొడి నెల రోజుల్లో చెడు కొలెస్ట్రాల్‌ను దాదాపు 16 శాతం తగ్గించింది.

ఇక్కడే ఆగిపోతే ఈ సభ నుంచి అందరూ నేరుగా మద్దిచెట్టు దగ్గరికే వెళ్లాలి. కానీ ఢిల్లీ ఎయిమ్స్‌లో మౌలిక్ బృందం 2016లో ప్రచురించిన పరీక్ష ఉంది. గుండె వైఫల్యంతో మామూలు మందులు వాడుతున్న రోగులకు, ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ తెలియకుండా, 12 వారాలు మద్ది సారం ఇచ్చారు. కొందరికి ఆయాసం తగ్గింది, రక్తంలో ఆక్సీకరణను తట్టుకునే నిల్వలు మెరుగయ్యాయి. గుండె రక్తాన్ని తోసే శక్తి మాత్రం పెరగలేదు. అలాగే, మద్ది వాడితే గుండెపోట్లు తగ్గాయనో, ఆయుష్షు పెరిగిందనో చెప్పాలంటే వేలమందిని ఏళ్ల తరబడి చూడాలి. పై పరీక్షలేవీ అంత పెద్దవి కావు.

కాబట్టి మద్ది గురించి నిజాయితీగా చెప్పగలిగేది ఇది: నాళపు పొర మీద దానికి ప్రభావం ఉందనడానికి మంచి సూచనలున్నాయి, ప్రాణం నిలుపుతుందనడానికి రుజువు లేదు. బీపీ మాత్రా, కొలెస్ట్రాల్ మాత్రా ఆపేసి దాని బదులు మద్ది నీళ్లు తాగేవాడు రుజువున్నదాన్ని వదిలి సూచన ఉన్నదాన్ని పట్టుకున్నట్టు. వాడదలచినవాళ్లు డాక్టరుకు చెప్పి వాడాలి. అంగడిలో చెక్క ఎంత పాతదో, ఏ చెట్టుదో ఎవరికీ తెలియదు. ఇంకో మాట. దారిపక్క మద్ది మానును చుట్టూ ఒలిచేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. గుండె కోసం చెట్టును చంపడం చక్రపాణి చెప్పలేదు.

జైపూర్ పరీక్షలో ఇంకో వివరం దాగి ఉంది. ఆ 105 మందిలో ఒక వంతుకు విటమిన్-ఇ ఇచ్చారు. రక్తంలో తుప్పు గుర్తులు, అంటే లిపిడ్ పెరాక్సైడ్లు, మద్ది వాడినవాళ్లలో తగ్గాయి. విటమిన్-ఇ వాడినవాళ్లలో ఇంకా ఎక్కువ తగ్గాయి. సిద్ధాంతం నిజమైతే విటమిన్-ఇ గుండెను ఇంకా బాగా కాపాడాలి కదా? ఆ ప్రశ్నకు జవాబు అప్పటికే వచ్చేసింది. కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడిన సలీం యూసుఫ్ నాయకత్వంలో 9,541 మంది మీద నాలుగున్నరేళ్లు నడిచిన హోప్ అధ్యయనం 2000లో ఫలితం చెప్పింది. రోజూ 400 యూనిట్ల విటమిన్-ఇ మింగినవాళ్లకూ, ఉత్తి మాత్ర మింగినవాళ్లకూ గుండెపోట్లలో తేడా లేదు. 2002లో బ్రిటన్‌లో 20,536 మంది మీద విటమిన్-ఇ, విటమిన్-సి, బీటా కెరోటిన్ మూడూ కలిపి ఇచ్చి చూశారు. అక్కడా అంతే. ఇంతకన్నా బాధాకరమైనది ఫిన్‌లాండ్ అనుభవం. 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద నడిచిన పరీక్షలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో 1994లో లెక్క తేలేసరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. క్యారెట్‌లో ఉన్నప్పుడు ఎవరికీ హాని చేయని పదార్థమది.

ఎందుకిలా అయింది? దీనికి ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు చెప్పే వివరణ ఇది. ఉసిరిలోనో, టీలోనో, మద్దిలోనో ఉండే పాలీఫినాల్స్ రక్తంలోకి చేరేది చాలా కొద్దిగా. అవి తామే వెళ్లి తుప్పును తుడిచేటంత మోతాదు కాదు. అవి చేసే పని వేరు. కణానికి చిన్న హెచ్చరిక లాంటిది ఇస్తాయి. కణం అప్రమత్తమై తన సొంత రక్షణ ఎంజైములను పెంచుకుంటుంది, నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైమును చురుకు చేస్తుంది. అంటే మొక్క రంగు డబ్బా మోసుకొచ్చే మేస్త్రీ కాదు, నిద్రపోతున్న కీమ్యాన్‌ను తట్టి లేపే మనిషి. మాత్రలో గుప్పెడు యాంటీ ఆక్సిడెంట్ కుక్కి పంపినంత మాత్రాన కీమ్యాన్ లేవడు. మరమ్మతుకు అవసరమైన చిన్న చిన్న సంకేతాలను కూడా ఆ మోతాదు మట్టుబెట్టవచ్చు.

దీనికి కోకో మంచి ఉదాహరణ. 2010లో గుండె ధమనుల జబ్బున్న 16 మందికి నెల రోజులు ఫ్లావనాల్స్ ఎక్కువగా ఉన్న కోకో ఇచ్చారు. ధమని విప్పారడం 47 శాతం మెరుగైంది. రక్తంలో తిరిగే మరమ్మతు కణాలు రెట్టింపును దాటాయి. నాళానికి మరమ్మతు జరుగుతోందని ఇంతకన్నా ముచ్చటగా చూపిన పరీక్ష అరుదు. కానీ 21,442 మంది మీద నడిచి 2022లో వెలువడిన కాస్మోస్ అధ్యయనంలో అదే కోకో సారం గుండె, నాళాల సంఘటనలన్నిటినీ కలిపి చూస్తే గట్టిగా చెప్పదగినంతగా తగ్గించలేదు. గుండె జబ్బు మరణాలను విడిగా లెక్కిస్తే తగ్గినట్టు కనిపించింది. 16 మందిలో పొంగిపొర్లిన ఆశ 21 వేల మందిలో చెంబెడు నీళ్లయింది. అయినా ఆ చెంబెడు నీళ్లే నిజం. దాన్నే లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు మళ్లీ సుబ్బారావు దగ్గరికి వద్దాం. ఈ కొలత ఆయన సొంత మందులకూ తప్పలేదు.

ఫోలిక్ ఆమ్లం పేరే ఆకు నుంచి వచ్చింది. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి దీన్ని కొద్దిగా రాబట్టి ఆ పేరు పెట్టారు. అంతకు పదేళ్లు ముందే లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను ఈస్ట్ సారంతో నయం చేసి ఈ పదార్థం జాడ పట్టింది. సుబ్బారావుకు మాత్రం ఇది ఇంటి గాయం. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన సోదరుల్ని చిన్న వయసులోనే పొట్టన పెట్టుకుంది. అదే జబ్బు తనకూ పట్టుకుంటే మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద మందుతో గట్టెక్కించారు. సుబ్బారావు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పినవాడు కూడా. పరదేశం వెళ్లి, 1945 నాటికి తన బృందంతో ప్రయోగశాలలో తయారు చేయించిన ఫోలిక్ ఆమ్లం ఆ స్ప్రూకు మందయింది. మూలిక అంటే ఆయనకు చిన్నచూపు లేదు, ఆ మూలికలో ఏముందో తేలేదాకా నిద్ర లేదు.

ఫోలిక్ ఆమ్లానికీ నాళానికీ సంబంధం ఉంది. హోమోసిస్టీన్ అనే పదార్థం రక్తంలో పెరిగితే లోపలి పొర దెబ్బతింటుందని 1969లో కిల్మర్ మెక్‌కల్లీ చెప్పాడు. ఫోలిక్ ఆమ్లం దాన్ని తగ్గిస్తుంది. ఇక గుండెపోట్లు తగ్గాల్సిందే అనుకున్నారు. 2006లో హోప్-2, నార్వే అధ్యయనం రెండూ కాదన్నాయి. హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. అయితే చైనాలో రక్తపోటున్న 20,702 మంది మీద నడిచి 2015లో వెలువడిన అధ్యయనంలో రక్తపోటు మాత్రతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఇస్తే పక్షవాతం 21 శాతం తగ్గింది. అక్కడ పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపరు. చాలామందికి ఆ పోషకం తక్కువ. తక్కువున్నవాడికి ఇస్తే ఫలితం, నిండుగా ఉన్నవాడికి ఇస్తే వృథా. ఆకుకూర విషయంలోనూ ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆయన మరో సంతానం మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ పనిచేస్తుంది. నాళం గోడలో వాపును తగ్గించి గుండెపోటును ఆపుతుందేమోనని అమెరికా, కెనడాల్లో 4,786 మంది మీద చూశారు. 2018లో ఫలితం వచ్చింది: ఆపలేదు. సుబ్బారావు బతికి ఉంటే ఆ ఫలితాన్ని తన నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాసుకుని ఉండేవాడని ఆయన పని తెలిసినవాళ్లెవరైనా నమ్ముతారు.

చిత్రమేమిటంటే వాపు తగ్గించే పనిలో పెద్ద పరీక్ష నెగ్గినవాటిలో ఒక మొక్క మందు కూడా ఉంది. కాల్చిసిన్. మన అడవుల్లో అగ్నిశిఖ, అడవినాభి అని పిలిచే తీగ గింజల్లోనూ గడ్డలోనూ ఉంటుంది. తమిళనాడులో దాన్ని సాగు చేస్తారు. 2019లో వెలువడిన పరీక్షలో గుండెపోటు వచ్చి బయటపడిన 4,745 మందిలో రోజుకు అర మిల్లీగ్రాము కాల్చిసిన్ తర్వాతి ప్రమాదాలను 23 శాతం తగ్గించింది. 2024లో ఏడు వేల మందికి పైగా రోగుల మీద వచ్చిన మరో పరీక్షలో ఆ మేలు కనిపించలేదు. అందుకే వైద్యులు దాన్ని ఆచితూచి వాడుతున్నారు. ఇది యాంటీ ఆక్సిడెంట్ కాదు. పైగా విషం. ఆ గడ్డ తిని చనిపోయినవాళ్లున్నారు. మొక్కది కాబట్టి హాని ఉండదు అనే మాట ఎవరు చెప్పినా వాళ్లకు అగ్నిశిఖను గుర్తు చేయాలి.

మరి మామూలు ఇంట్లో, మామూలు జీతంలో చేయగలిగేది ఏముంది? ఉంది, అది ఖరగ్‌పూర్ గోల్‌బజార్ కూరల వరసలోనే ఉంది.

గోంగూరనే చూడండి. బెంగాల్‌లో ఇదే జాతి మొక్కను నార కోసం మేస్తా పేరుతో పండించారు. దాని ఎర్రటి పుల్లని కాయతొడుగుతో చట్నీ చేస్తారు. ఆ ఎండు తొడుగులతో కాచిన టీని రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగినవాళ్లలో పై అంకె ఏడు పాయింట్లు తగ్గిందని, కాస్త రక్తపోటున్న 65 మంది మీద చేసిన అమెరికా పరీక్ష ఒకటి 2010లో చూపింది. అదే రుచి ఉన్న ఉత్తుత్తి పానీయం తాగినవాళ్లలో తగ్గింది ఒక్క పాయింటే. అది తొడుగు, మనం తినేది ఆకు. రెండూ ఒకటే అని చెప్పడం తప్పవుతుంది. ఆకును పప్పులో వేసుకోవడానికి మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు. నిల్వపచ్చడి సంగతి వేరు. అందులో పోసే ఉప్పు ఆకు చేసే మేలును మింగేస్తుంది. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ జాడీ ముందు ఆ ఐదు గ్రాములు ఎంతసేపు నిలుస్తాయో ప్రతి తెలుగు ఇల్లాలికీ తెలుసు.

తోటకూర, పాలకూర, బీట్‌రూట్ ఇంకో దారిలో పనిచేస్తాయి. వీటిలో నైట్రేట్ ఎక్కువ. నాలుక మీది సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, ఒళ్లు దాన్ని నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చుకుంటుంది. లోపలి పొర చేసే వాయువే వేరే దారిలో అందుతుందన్నమాట. లండన్‌లో రక్తపోటున్నవాళ్లకు రోజూ పావు లీటరు బీట్‌రూట్ రసం నాలుగు వారాలు ఇస్తే పై అంకె దాదాపు ఎనిమిది పాయింట్లు తగ్గిందని 2015లో ప్రచురించారు. ఇక్కడి సంతలో పూయి శాక్ అంటే మన బచ్చలి, కల్మి అంటే తూటికూర, లాల్ శాక్ అంటే ఎర్ర తోటకూర. కాళీపూజకు ముందురోజు బెంగాలీ ఇంట్లో 14 రకాల ఆకుకూరలు వండుకు తినే ఆచారముంది. తెలుగు ఇళ్లు ఈ ఊరి నుంచి ఎరువు తెచ్చుకోదగ్గ ఆచారం అది, ఏడాదికి ఒక్కరోజు కాదు, వారం వారం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది. కూరగాయల్లో 100 గ్రాములు ఆకుకూర ఉండాలంది. లైన్‌బాక్సుతో రెండు రోజులు రైలు సిబ్బంది దిగే రన్నింగ్ రూములో గడిపే లోకో పైలట్‌కు ఇది తేలిక కాదు. అది అతని ఒక్కడి తప్పు కాదు. రన్నింగ్ రూము వంటలో రోజూ ఒక ఆకుకూర ఉండాలని అడగడం యూనియన్లు ఎత్తుకోదగ్గ డిమాండే.

కొందరికి జాగ్రత్తలు అవసరం. గుండె కవాటం మార్చుకుని వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లు ఆకుకూర ఒకరోజు కుప్పగా తిని నాలుగు రోజులు మానకూడదు. రోజూ ఒకే తీరున తినాలి, డాక్టరుకు చెప్పాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఆకుకూరల్లోని పొటాషియం ప్రమాదం కావచ్చు. ఇక బీడీ, ఖైనీ మానకుండా మద్ది నీళ్లు తాగేవాడి మాటేమిటంటే, ఇండోర్‌లో ఆ 18 మంది నాళాలు మద్దితో 9 శాతానికే వచ్చాయి. పొగ ముట్టనివాళ్లది 12 శాతం.

చివరగా ఒక విన్నపం. అర్ధరాత్రి ఛాతీ మధ్యలో బరువెక్కి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే మద్ది చెక్క కోసం గానీ, గ్యాస్ మాత్ర కోసం గానీ అల్మారా వెతకకండి. ఆడవాళ్లకు ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, వాంతి వచ్చినట్టు మాత్రమే ఉంటుంది, దాన్నీ తేలిగ్గా తీసుకోకండి. బండి మీద ఒంటరిగా వెళ్లకండి. పక్క క్వార్టరు తలుపు కొట్టి, తోడు తీసుకుని, దగ్గరి ఆసుపత్రికి వెళ్లి ముందు ఈసీజీ తీయమని అడగండి. మూసుకుపోయిన నాళాన్ని మందుతోనో, బెలూన్‌తోనో తెరవడానికి మొదటి కొన్ని గంటలే ఉంటాయి. సుబ్బారావు కాలంలో ఆ వైద్యం ఎక్కడా లేదు. మనకు ఉంది.